ఎర్రకళ్ల ఫొటోకు నిజాయితీ పట్టమా?

ఇరవై ఏళ్ల కిందటి డిజిటల్ కెమెరాకు మళ్లీ రోజులొచ్చాయి. బీరువా అడుగు అరలో పాత ఛార్జర్ల చిక్కుల మధ్య పడి ఉన్న కెనాన్ ఇక్సస్‌లూ, సోనీ సైబర్‌షాట్‌లూ, నికాన్ కూల్‌పిక్స్‌లూ దుమ్ము దులుపుకుని బయటికొస్తున్నాయి. వాటి వెంటే నడుం కిందికి జారే జీన్సు, వెలూర్ ట్రాక్‌సూట్లు, తళతళలాడే లిప్‌గ్లాసు, వెండి రంగు చేతిసంచులు. ఆ బట్టలు వేసుకుని, ఆ కెమెరా ముందు నిలబడి, ముఖాన ఫ్లాష్ కొట్టించుకుంటేనే ఫొటో దిగినట్టు. ముఖం తెల్లగా, వెనకంతా చీకటిగా, కళ్లలో ఎర్రచుక్కలతో, మూలన నారింజ రంగు తేదీతో వస్తుంది ఆ ఫొటో. న్యూయార్క్, లండన్, సియోల్ యువతలో ఊపందుకున్న ఈ మోజు మన నగరాల కాలేజీ పిల్లల దాకా వచ్చేసింది.

పిల్లలు తమకు నచ్చింది కట్టుకుంటారు, నచ్చినట్టు ఫొటోలు తీసుకుంటారు. దానికెవరూ అడ్డు చెప్పనక్కర్లేదు. అడ్డు చెప్పాల్సింది ఆ మోజుకు తగిలించిన వ్యాఖ్యానానికి. ఫ్యాషన్ పత్రికలు, టెక్నాలజీ కాలమ్‌లు, కెమెరా అమ్మేవాళ్ల ప్రకటనలు మూడేళ్లుగా ఒకే పాట పాడుతున్నాయి. ఫోన్ కెమెరా అబద్ధాలకోరు అట, పాత డిజిటల్ కెమెరా ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందట, అది పుట్టిన కాలం అమాయకమైనదట, ఈ తరం దాన్ని చేతబట్టి నకిలీ ప్రపంచం మీద తిరుగుబాటు చేస్తోందట. వినడానికి కథ బాగుంది. విప్పి చూస్తే పోగు కూడా మిగలదు.

ముందు ఆ ఫొటోనే దగ్గరగా చూడాలి. 2005 నాటి జేబు కెమెరాలో సెన్సర్ వెడల్పు సుమారు 5.8 మిల్లీమీటర్లు, ఎత్తు 4.3. చిటికెన వేలి గోరు మీద పెడితే చుట్టూ ఇంకా చోటు మిగులుతుంది. రాత్రిపూట ఇంట్లో ట్యూబ్‌లైటు వెలుగు ఆ కాస్త చోటుకు చాలదు. కాబట్టి లెన్సుకు రెండు వేళ్ల ఎడంలో ఉన్న బుల్లి ఫ్లాష్ వెలుగుతుంది. ఆ వెలుగు సూటిగా ఎదుటి నుంచి పడుతుంది గనక ముఖం మీద నీడలు నిలవవు. నీడ లేనిచోట ముడత కనబడదు, మొటిమ గుంట కనబడదు, కంటికింది నలుపు సగం కరిగిపోతుంది. ముక్కు దూలం, బుగ్గలు, నుదురు వెలుగు ఎక్కువై తెల్లబడి నునుపు తేలుతాయి. చామనఛాయ మనిషి రెండు మూడు ఛాయలు లేత రంగులో వస్తాడు. ఫ్లాష్ వెలుగు దూరంతో చప్పున పలచబడుతుంది, రెట్టింపు దూరంలో నాలుగో వంతే మిగులుతుంది. అందుకని వెనకున్న మాసిన గోడ, తాడు మీద ఆరేసిన తువ్వాళ్లు, మంచం మీద గుట్టగా పడ్డ బట్టలు అన్నీ చీకట్లో కలిసిపోతాయి. ఇంకా ఎక్కడైనా చర్మం గరుకు మిగిలి ఉంటే, సెన్సర్ పుట్టించే మచ్చలను తుడవడానికి కెమెరా లోపల పెట్టిన ప్రోగ్రాం ఆ గరుకును కూడా కలిపి తుడిచేస్తుంది. పెద్దది చేసి చూస్తే బుగ్గ మీద చర్మం ఉండదు, మైనం ఉంటుంది.

ఇంత జరిగాక వచ్చిన బొమ్మను ‘ఫిల్టర్ లేని ఫొటో’ అంటున్నారు. నిజానికి జేబులో పట్టిన తొలి బ్యూటీ ఫిల్టర్ ఇదే. ఫోన్‌లో నునుపు మీట నొక్కితే ఏం జరుగుతుందో, ఫ్లాషూ చిన్న సెన్సరూ కలిసి ఏ మీటా నొక్కకుండానే అది చేసిపెట్టేవి. నేటి ఫోన్ మీద అసలు ఫిర్యాదు అది అబద్ధం చెబుతోందని కాదు, ప్రతి రంధ్రాన్నీ ప్రతి వెంట్రుకనూ మరీ గీసినట్టు చూపిస్తోందని. దాన్నుంచి పారిపోయి నీడల్లేని వెలుగు కింద తలదాచుకోవడంలో తప్పేమీ లేదు. అందంగా కనబడాలనుకోవడం నేరం కాదు గదా. కానీ దాన్ని సత్యాన్వేషణ అనడం మాత్రం అతి.

ఎర్రకళ్ల సంగతి తీసుకోండి. మసక గదిలో కంటిపాప పెద్దదిగా విచ్చుకుని ఉంటుంది. ఫ్లాష్ లెన్సుకు దగ్గరగానే ఉండటంతో వెలుగు పాపలోంచి లోపలికి పోయి, వెనకున్న రక్తనాళాల పొరను తాకి, వచ్చినదారినే తిరిగి లెన్సులోకి దూరుతుంది. ఆ రోజుల్లో ఇది తలనొప్పి. పాప ముడుచుకునేందుకు అసలు ఫ్లాష్‌కు ముందు ఒక చిన్న ఫ్లాష్ కొట్టే ఏర్పాటును కంపెనీలు పెట్టాయి. కెమెరాతో ఇచ్చే సీడీల్లో ఎర్రకళ్లు తుడిచే ప్రోగ్రాం ఉండేది. స్టూడియోకు తీసుకెళ్తే ప్రింటు వేసే ముందు కుర్రాడు రెండు నల్లచుక్కలు పెట్టి ఇచ్చేవాడు. అప్పటివాళ్లు డబ్బిచ్చి వదిలించుకున్న దోషాన్ని ఇప్పుడు నిజాయితీకి ముద్రగా చెలామణీ చేస్తున్నారు.

‘వదిలించుకున్నారు’ అనడం ఊరికే కాదు. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచమంతా కలిసి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్లాయి, అందులో సింహభాగం ఈ జేబు కెమెరాలే. 2023 నాటికి జేబు కెమెరాల సంఖ్య 20 లక్షల లోపుకు పడిపోయింది. ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. వాటితో జీవితం గడిపిన మనుషులే, ఫోన్‌లో కాస్త మెరుగైన ఫొటో రాగానే, వాటిని అరలో పడేసి మరిచిపోయారు.

ఇక సీసీడీ మహిమ. పాత కెమెరాల్లో ఉండేది సీసీడీ సెన్సర్, ఇప్పటివాటిలో ఉండేది సీమాస్ సెన్సర్, కనుక పాత రంగుల్లో ఏదో ఫిల్ము ఆత్మ ఉందని అమ్మేవాళ్లు చెబుతారు, కొనేవాళ్లు నమ్ముతారు. సీసీడీని 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు, 2009లో భౌతిక శాస్త్ర నోబెల్‌లో సగం ఆ పనికే దక్కింది. వెలుగు పడినచోట పుట్టిన ఎలక్ట్రాన్లను వరసగా ఒక అంచుకు జరుపుకుంటూ వెళ్లి అక్కడ కొలవడం సీసీడీ పద్ధతి. ప్రతి పిక్సెల్ దగ్గరే కొలిచెయ్యడం సీమాస్ పద్ధతి. రెంటికీ రంగు తెలియదు. అవి వెలుగు ఎంత పడిందో చెప్పగలవు గానీ ఎర్రదో పచ్చదో చెప్పలేవు. కూర రుచంతా గిన్నెదే అన్నట్టుంది ఈ సీసీడీ వాదన.

రంగు వచ్చేది సెన్సర్ మీద అతికించిన గళ్ల జల్లెడ వల్ల. కోడక్ ఇంజనీరు బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు దక్కిన ఏర్పాటు అది. గళ్లలో సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది, తక్కిన రెంటినీ చుట్టుపక్కల గళ్లను చూసి కెమెరా లోని చిప్పు ఊహించి నింపుతుంది. అంటే ‘ఏ కల్పనా లేని’ ఆ పాత ఫొటోలో రంగు సమాచారం మూడింట రెండు వంతులు కెమెరా లెక్కగట్టి పూరించిందే. ఆపైన తెలుపును సర్దడం, అంచులు పదును చెయ్యడం, ఆకాశాన్ని కాస్త నీలం చెయ్యడం, చివరికి జేపెగ్‌గా కుదించి సమాచారంలో ఎక్కువ భాగాన్ని పారెయ్యడం. ఒక్కో కంపెనీది ఒక్కో వంటకం. పాత కెమెరాల రంగుల్లో కనిపించే తేడాలో పెద్ద వాటా ఆ వంటకాలదే.

నేటి ఫోన్లు దీనికంటే చాలా దూరం వెళ్లాయన్నది నిజం. అరక్షణంలో అనేక ఫ్రేములు తీసి వాటిని కలిపి ఒక్కటి చేస్తాయి, నీడల్ని లేపుతాయి, ఆకాశాన్ని అణచివేస్తాయి. 2023లో శాంసంగ్ గెలాక్సీ ఎస్23 అల్ట్రా మీద వచ్చిన రభస గుర్తుండే ఉంటుంది. ఒక వినియోగదారు కావాలని మసకబరిచిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెర మీద పెట్టి ఫొటో తీస్తే, తెర మీద లేని గుంటలూ మరకలూ ఫోన్ ఫొటోలో ప్రత్యక్షమయ్యాయి. ఇది ఆక్షేపించాల్సిన పనే. అయితే దానికి విరుగుడు 2005లో దొరకదు. హాలైడ్ అనే ఐఫోన్ యాప్ 2024లో ‘ప్రాసెస్ జీరో’ పేరిట ఫ్రేములు కలపని, ఏఐ తగలని పద్ధతిని తెచ్చింది. చాలా ఖరీదు ఫోన్లలో, ఇంకా వండని ‘రా’ ఫైల్ తీసుకునే వీలు ఎప్పట్నుంచో ఉంది. తక్కువ వండిన ఫొటో కావాలనుకున్నవాళ్లకు దారి జేబులోనే ఉంది. ఆ దారిన నడిచేవాళ్లు కొద్దిమందే, ఎందుకంటే వండని ఫొటో చప్పగా ఉంటుంది. ఫ్లాష్ కొట్టిన ఫొటో చప్పగా ఉండదు.

ఆ కాలం అమాయకత్వం మాటకొద్దాం. ఈ పునరుద్ధరణకు ఇష్టదైవం పారిస్ హిల్టన్. ఆమె తెల్ల బనియను మీద ‘స్టాప్ బీయింగ్ పూర్’ అని రాసి ఉన్న ఫొటో తెలియని వైటూకే (2000 సంవత్సరం నాటి) ఫ్యాషన్ అభిమాని ఉండరు. 2005లో లాస్ వేగస్‌లో ఒక ఫ్యాషన్ వేడుకలో తీసిన ఫొటో అది. బనియను మీద ఉన్నది నిజానికి ‘స్టాప్ బీయింగ్ డెస్పరేట్’. చివరి మాటను ఎవరో ఫొటోషాప్‌లో మార్చేశారు. హిల్టన్ స్వయంగా 2021లో ఒక వీడియో పెట్టి ఆ సంగతి చెప్పుకోవాల్సి వచ్చింది. దిద్దుబాట్లే ఎరగని కాలమని చెబుతున్న కాలానికి జెండాలాంటి ఫొటోయే దిద్దిన ఫొటో.

ఇది ఒంటరి ఉదంతం కూడా కాదు. 2003 మొదట్లో బ్రిటిష్ జీక్యూ పత్రిక కేట్ విన్‌స్లెట్ కాళ్లను సన్నం చేసి ముఖచిత్రం వేస్తే, తాను అలా ఉండననీ అలా ఉండాలని కోరుకోననీ ఆమె బహిరంగంగానే అభ్యంతరం చెప్పింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ఫొటోషాప్ 7లో ‘హీలింగ్ బ్రష్’ అనే పనిముట్టు చేరింది, దాంతో మచ్చ మాయం చెయ్యడం చిటికెలో పని అయిపోయింది.

మన తెలుగు ఊళ్లలో సంగతి మరీ సరదా. డిజిటల్ రాగానే పెళ్లి ఆల్బమ్ ‘కరిజ్మా’ ఆల్బమ్ అయింది. వధూవరుల వెనక స్విట్జర్లాండ్ మంచుకొండలు మొలిచాయి, తాజ్‌మహల్ లేచింది, పెళ్లికూతురి ముఖం గులాబీ పువ్వులోంచి తొంగిచూసింది. ముఖాలు తెల్లబరచడం ప్యాకేజీలో భాగం. ఆర్కుట్‌లో తమ ముఖం బదులు హీరో ముఖమో, సూర్యాస్తమయమో పెట్టుకున్న ఖాతాలకు లెక్కే లేదు. వైటూకే అన్న మాట (అప్పటి కంప్యూటర్ల తేదీ సమస్య పేరు కూడా అదే) తెలుగువాళ్లకు ముందుగా గుర్తు చేసేది జీన్సును కాదు, అమీర్‌పేట కోచింగు సెంటర్లనూ వీసాలనూ. అమెరికా హెచ్‌1బీ వీసాల పరిమితిని 65 వేల నుంచి 1999లోనూ 2000లోనూ 1,15,000కు పెంచింది. అలా వెళ్లినవాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలో తెచ్చిన సామాన్లలో డిజిటల్ కెమెరా ఒకటి. వాళ్లు ఇంటికి ఈమెయిల్ చేసిన ఫొటోలు గుర్తు తెచ్చుకుంటే చాలు. కొన్న కారు పక్కన చెయ్యి ఆనించి, నయాగరా ముందు కోటు వేసుకుని, మంచు పడ్డ మరునాడు గుమ్మంలో. అద్దెగదిలో నలుగురు చాప మీద పడుకున్న ఫొటో, ఉద్యోగం లేక బెంచి మీద గడిపిన నెలల ఫొటో అమ్మానాన్నలకు చేరేది కాదు. ఔత్సాహికుడి కెమెరా అన్నంత మాత్రాన దానికి దాపరికం తెలియదనుకోకూడదు.

అసలు ఈ ఫ్యాషన్‌కు ఆదర్శంగా పెట్టుకుంటున్న బొమ్మల్లో చాలావాటిని ఔత్సాహికులు తియ్యనే లేదు. 2000 ఫిబ్రవరిలో గ్రామీ వేడుకకు జెన్నిఫర్ లోపెజ్ వేసుకొచ్చిన ఆకుపచ్చ వెర్సాచే గౌను కోసం జనం గూగుల్‌లో వెతికిన వెతుకులాటే మరుసటి ఏడాది గూగుల్ ఇమేజెస్‌కు పురుడు పోసిందని ఆ కంపెనీ అధిపతిగా పనిచేసిన ఎరిక్ ష్మిట్ తర్వాత రాశాడు. ఆ గౌను ఫొటోలు తీసింది వృత్తి ఫొటోగ్రాఫర్లు. నడుం జారిన జీన్సుతో పెట్రోలు బంకులో, కారు దిగుతూ, కాఫీ కప్పుతో కనిపించే బ్రిట్నీ స్పియర్స్ ఫొటోలు తీసింది ఆమెను వేటాడిన పాపరాజీలు. ముఖాన సూటిగా కొట్టిన ఫ్లాష్ ఆ వేట తాలూకు గుర్తు. 2008లో ఆమె ఆస్తీ జీవితమూ తండ్రి అజమాయిషీలోకి వెళ్లడానికి ముందు నెలల్లో ఆ ఫ్లాష్ ఆమెను వదిలిపెట్టలేదు.

2021 ఫిబ్రవరిలో ఆమె మీద డాక్యుమెంటరీ వచ్చినప్పుడు ప్రపంచమంతా ఆ పత్రికలనూ ఆ ఫొటోగ్రాఫర్లనూ తిట్టిపోసింది. అదే ఏడాది అక్టోబరులో పారిస్‌లో మ్యూ మ్యూ సంస్థ కత్తెరతో అడ్డంగా కోసినట్టున్న అతి పొట్టి స్కర్టులను నడుం కిందికి దించి చూపించింది, ఫ్యాషన్ లోకం జేజేలు కొట్టింది. బ్రిట్నీ మీద ఆ అజమాయిషీని కోర్టు రద్దు చేసింది ఆ తరువాతి నెలలోనే. ఒక చేత్తో సానుభూతి, ఇంకో చేత్తో ఆ వేట ఫొటోల నకలు. ఆ జీన్సు అప్పుడు ఎవరి కోసం కుట్టారో కూడా గుర్తుంచుకోవాలి. పొట్ట పలకలా ఉన్నవాళ్లకు తప్ప అది నప్పేది కాదు. కాస్త ఒళ్లు చేసిన నటీమణి ఎవరైనా కనబడితే, ఫొటోలో ఆమె పొట్ట చుట్టూ గుండ్రంగా గీత గీసి ముఖపేజీన వేసిన కాలం అది. అమాయకత్వం దాన్లో ఏ మూల ఉందో చూపిస్తే బాగుండును.

తిరుగుబాటు మాట ఇంకా విచిత్రం. చచ్చిపోయిన టెక్నాలజీ లోపాలు కొన్నాళ్లకు సొగసులుగా తిరిగి లేవడం ఇది మొదటిసారి కాదు. 1984లో లెనిన్‌గ్రాడ్‌లో తయారీ మొదలైన లోమో ఎల్‌సీ-ఏ అనే చవక సోవియట్ కెమెరా అంచులను చీకటిగా, రంగులను అడ్డదిడ్డంగా ఇచ్చేది. 1992లో వియన్నా కుర్రాళ్లు దాని చుట్టూ ఒక సంఘాన్నీ ఆనక ఒక వ్యాపారాన్నీ కట్టారు. 2009 చివర్లో హిప్‌స్టమాటిక్, 2010 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ వచ్చి ఫోన్ ఫొటోలకు పాత ఫిల్ము మరకలు పూశాయి. అప్పుడు ‘నిజమైన’ ఫొటో అంటే ఫిల్ము, డిజిటల్ కెమెరాది ప్రాణం లేని బొమ్మ. ఆ మాటలన్నది కూడా ఇలాంటి పత్రికలే. వాళ్లు అప్పుడు ప్రాణం లేదన్న దానికే ఇప్పుడు ఆత్మ ఉందంటున్నారు.

తేదీముద్ర దగ్గర ఈ నాటకం బాగా బయటపడుతుంది. మూలన పడే ఆ నారింజ అంకెలు ఒకప్పుడు ఫొటోలో నమ్మదగ్గ ఒకే ఒక్క వాస్తవం, అవి కూడా గడియారం సరిగ్గా పెట్టుకుంటేనే. ఇప్పుడు బయటికొచ్చిన కెమెరాల్లో తేదీని గుర్తుపెట్టుకునే లోపలి బుల్లి బ్యాటరీ చాలావాటిలో ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. బ్యాటరీ తీసి పెట్టిన ప్రతిసారీ కెమెరా తన ఫ్యాక్టరీ తేదీకి, ఏ జనవరి 1కో, వెళ్లిపోతుంది. చాలామంది దాన్ని సరిచెయ్యరు, అలాగే బాగుందంటారు. కొందరు పనిగట్టుకుని 2004కు మారుస్తారు. హుజీ క్యామ్ అనే ఫోన్ యాప్ అయితే ఇవాళ తీసిన ఫొటో మూలన తానే ’98 అని వేసి ఇస్తుంది. నకిలీ మీద తిరుగుబాటు అంటే నిన్నటి పార్టీ ఫొటో మీద పాతికేళ్ల కిందటి తేదీ వేసుకోవడమా?

కెమెరా పట్టుకుంటే చేతిలో ఫోన్ ఉండదు, నోటిఫికేషన్ రాదు, తీసిన వెంటనే ఎవరికీ పంపలేరు, స్నేహితులతో కూర్చున్న సాయంత్రం స్నేహితులతోనే గడుస్తుంది. ఈ మోజు సమర్థకులు చెప్పేవాటిలో గట్టి మాట ఇదొక్కటే, దీన్ని కాదనేవాళ్లు లేరు. అయితే ఈ మేలు చేసింది సిమ్ కార్డు లేకపోవడం. మైనపు బుగ్గలకూ ఎర్రకళ్లకూ ఇందులో వాటా లేదు. నిన్న కొన్న కెమెరా అయినా, మూతపడిన స్టూడియోలోంచి తెచ్చుకున్న ఫిల్ము కెమెరా అయినా అంత మేలూ చేస్తుంది. పైగా ఆ సాయంత్రం మర్నాటికే కరిగిపోతుంది. కార్డు తీసి, అడాప్టర్‌లో పెట్టి, ఫోన్‌కు ఎక్కించి, నూట యాభైలో పదింటిని ఏరి, ఏరినట్టు తెలియకుండా వరస కలిపి ఇన్‌స్టాగ్రామ్‌లో ‘డంప్’ పేరుతో పెడతారు. ఆ ఏరడానికి పట్టే సమయం ఫోన్ ఫొటోకు పట్టే సమయం కంటే ఎక్కువే.

నిజంగా ఆ కాలాన్ని ప్రేమించేవాళ్లు పట్టించుకోవాల్సిన పని ఇంకొకటి ఉంది, దాని ఊసే ఈ మోజును పొగిడే వ్యాసాల్లో కనబడదు. అప్పటి ఫొటోలు మాయమైపోతున్నాయి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. సర్వర్లు మార్చే క్రమంలో, అంతకు మూడేళ్లకు ముందు ఎక్కించిన ఫొటోలూ పాటలూ వీడియోలూ పోయి ఉండొచ్చని మైస్పేస్ 2019లో చల్లగా చెప్పింది. గీతలు పడ్డ సీడీల్లో, ఇప్పుడు రీడరు తేలిగ్గా దొరకని ఎక్స్‌డీ కార్డుల్లో, తిరగడం మానేసిన హార్డ్ డిస్కుల్లో ఇంకా ఎన్ని కుటుంబాల ఏళ్లు ఇరుక్కున్నాయో. అవి ఎవరూ అందం కోసం తీసుకున్నవి కావు. వాటిని బయటికి తియ్యడం ఓపికతో కూడిన పని, దానికి ఫ్యాషన్ పేరేమీ లేదు.

కంపెనీలకు మాత్రం ఈ తిరుగుబాటు ఎంతో ముద్దొచ్చింది. 2012లో దివాలా రక్షణ కోరిన కోడక్ పేరును అద్దెకు తీసుకున్న ఒక సంస్థ 2025లో ‘చార్మెరా’ అనే తాళంగుత్తి కెమెరాను దించింది. 1.6 మెగాపిక్సెల్, ధర 30 డాలర్లు, ఏ రంగు వస్తుందో తెలియకుండా మూసిన డబ్బాల్లో అమ్మకం. పాత సామాను మళ్లీ వాడుతున్నామన్న గొప్ప కాస్తా కొత్త ప్లాస్టిక్ పాలైంది. అదే ఏడాది కెనాన్ 2016 నాటి తన పవర్‌షాట్ ఎల్ఫ్ 360 హెచ్‌ఎస్‌ను పేరు చివర ఒక ‘ఏ’ అక్షరం చేర్చి మళ్లీ మార్కెట్లో పెట్టింది. సెన్సర్ పాతదే, లెన్సు పాతదే. 2016లో 210 డాలర్లకు దొరికిన కెమెరా ఈసారి 380 డాలర్లు. పాత కార్డు బదులు మైక్రో ఎస్‌డీ పెట్టారు. కెమెరా నుంచి నేరుగా ప్రింటరుకు పంపే సౌకర్యాన్ని తీసేశారు, వైఫై మీద ఇంకో కెమెరాకు పంపే సౌకర్యాన్ని కూడా తీసేశారు. ఫోన్‌కు పంపే సౌకర్యం జోలికి మాత్రం పోలేదు.